బడిని ముంగిట్లోకి తెచ్చిన తారాబాయి

అంగన్‌వాడీ అన్న మాట మన పల్లెల్లో అందరికీ తెలుసు. అంగణమంటే ముంగిలి. ఆ ముంగిట్లోకి బడిని తెచ్చిన మహిళ తారాబాయి మోదక్.

ఆమె 1892లో బొంబాయిలో జన్మించారు. రాజకోటలో ఉపాధ్యాయినులకు శిక్షణనిచ్చే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ ఉద్యోగం వదులుకుని భావనగర్‌లో గిజూభాయి బధేకాతో కలిసి శిశువిద్యకు పూనుకున్నారు. 1926లో నూతన బాలశిక్షణ సంఘం స్థాపించారు.

1945లో ఠాణా జిల్లా బోర్డీ గ్రామంలో పసిపిల్లలకు బడి పెట్టారు. ఊరి చివరి వాడల పిల్లలు రాలేదు. అమ్మానాన్నలు కూలికి పోతే తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకునేది వాళ్లే. పిల్లలు రాకుంటే బడే వాళ్ల దగ్గరికి వెళ్లాలని తారాబాయి నిశ్చయించారు. సహచరి అనూతాయి వాఘ్‌తో కలిసి వాడలోనే, ఇళ్ల ముంగిట్లోనే పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పించారు. ఆకులు, గింజలు, రాళ్లే బోధన సామగ్రి. అక్కడ పనిచేసే ఉపాధ్యాయినికి పాఠం చెప్పడం ఒక్కటే వస్తే చాలదు. తల్లితో మాట కలపాలి, తోటివారితో కలిసి నడవాలి.

1957లో కోస్‌బాడ్ కొండకు మారి గిరిజనుల మధ్య ఇదే కృషి సాగించారు. పశువుల కాపరి పిల్లలకు పచ్చికబయళ్లలోనే చదువు నేర్పించారు. 1962లో పద్మభూషణ్ అందుకుని, 1973లో కన్నుమూశారు. రెండేళ్లకు, 1975లో, కేంద్ర ప్రభుత్వ శిశు అభివృద్ధి పథకం కేంద్రాలు అంగన్‌వాడీ పేరుతోనే మొదలయ్యాయి.