విప్పి చూచిన చదువు

ఆదిలాబాదులో ఏ మెకానిక్కు షెడ్డు ముందు నిలుచున్నా ఒక దృశ్యం కంటబడుతుంది. ఏనాటిదో ఒక పాత బుల్లెట్టు ఎముకలగూడువలె విప్పబడి ఉంటుంది. మద్రాసులో ఈ బండ్ల తయారీ మొదలైనది 1955లో. ఆ తొలినాళ్ళ సామాను ఇప్పుడెక్కడిది? ఒక బండి కార్బ్యురేటరు, మరొక బండి మడ్‌గార్డు, హైదరాబాదు నుండి తెప్పించిన నకలు పిస్టను, ఇలా ఒకదానికొకటి పొత్తు లేని భాగాలను ఒక కుఱ్ఱవాడు కూర్చుతూ ఉంటాడు. పాత బండిలోనివి అంగుళాల కొలతల ఇంగ్లీషు మరలు. నేటి బజారు బోల్టువి మిల్లీమీటరు మరలు. రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. బలవంతపెడితే మర చెడుతుంది. ఆ సంగతి ఎఱిగిన చేయి ఆగుతుంది, ఆకురాయి అందుకొంటుంది. ఆ కుఱ్ఱవానికి బహుశా బడిచదువు తక్కువ. అటువంటివానిని చూచినప్పుడల్లా నాకు గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు జ్ఞప్తికి వస్తారు.

కోయంబత్తూరు చేరువనున్న కలంగల్ అనే పల్లెలో, తెలుగు మాటాడే వ్యవసాయ కుటుంబంలో 1893 మార్చి 23న వారు జన్మించారు. తల్లి పసితనంలోనే గతించింది. బడి ఆయనకు గిట్టలేదు. మూడవ తరగతి నాటికే పంతులుగారి కండ్లలో ఇసుక చల్లి బడి మానివేసినాడని చెప్పుకొంటారు. ఉపాధ్యాయ మిత్రులు మన్నింతురుగాక!

ఆ పల్లెకు ఒకనాడు ఒక దొర, రెవెన్యూ అధికారి, మోటారు సైకిలుపై వచ్చాడు. ఇంగ్లండులోని కవెంట్రీ నగరంలో తయారైన రడ్జ్ బండి అది. ఎద్దూ గుఱ్ఱమూ లేకుండ పరుగెత్తే ఆ వాహనం కుఱ్ఱవాని మనస్సును పట్టుకొన్నది. కొనడానికి చేతిలో కాసు లేదు. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటలులో సర్వరుగా కుదిరి, మూడేండ్లు కూడబెట్టి, ఆ బండినే కొన్నాడు. కొన్నవాడు ఊరేగవలసింది, ఈయన విప్పివేశాడు! ఏ భాగం దేనిని త్రిప్పుతున్నదో, దేనివలన ఏది కదులుతున్నదో చూచుకొని, తిరిగి బిగించి నడిపాడు. ఇదే ఆయన ప్రాథమిక పాఠశాల, ఇదే ఉన్నత పాఠశాల. నేర్పే గురువు లేడు. తప్పు చేస్తే బండి కదలదు, అంతే. ఆ తరువాత మెకానిక్కుగా జీవనం సాగించాడు.

స్టేన్స్ అనే ఆంగ్లేయ వ్యాపారి ఈ యువకుని నమ్మి అండగా నిలిచాడు. 1920లో ఒకే ఒక బస్సుతో, పొల్లాచ్చి-పళని మార్గంలో, స్వయంగా తానే నడుపుతూ వ్యాపారం ప్రారంభించారు. నైజాము రైల్వేవారు 27 బస్సులతో రహదారి సర్వీసులు మొదలుపెట్టినది 1932లో అని తలచుకొంటే ఆ సాహసం ఎంతటిదో బోధపడుతుంది. ఆ ఒక్క బస్సే పెద్ద సంస్థ అయినది. 1937లో బాలసుందరం నాయుడుగారితో కలిసి దేశంలో తొలి విద్యుత్ మోటారును తయారు చేశారు. క్షౌరపు కత్తి మొదలు ఓటు యంత్రం దాకా వారు చేయి పెట్టని వస్తువు లేదేమో!

అయితే మన పాఠకులు ప్రత్యేకించి గమనించదగిన ఘట్టం వేఱొకటి ఉన్నది. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్కు, ఇంజనీరింగు కళాశాల వెలసినప్పుడు, బడి మానివేసిన ఈ మనిషే వాటికి మూలపురుషుడై, ప్రిన్సిపాలు పీఠం అధిష్ఠించారు. నాలుగేండ్ల చదువు కాలహరణమనీ, రెండేండ్లు చాలుననీ వారి వాదం. ప్రభుత్వం అంగీకరించలేదు, వారు పదవిని విడిచివేశారు. వారి వాదం పూర్తిగా ఒప్పని నేననను. లెక్కలూ సిద్ధాంతమూ నిదానంగానే వంటబడతాయి. కాని నాలుగేండ్లు చదివి ఒక్క ఇంజనునైనా స్వయంగా విప్పని పట్టభద్రుని చూచినప్పుడు మాత్రం నా మనస్సు నాయుడుగారి వైపే మొగ్గుతుంది.

1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారును వారు రూపొందించారు. ధర రెండువేల రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, తయారీ ఆగిపోయింది. 1974 జనవరి 4న నాయుడుగారు దివంగతులైనారు. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై పది కిలోమీటర్ల పొడవున కట్టిన పైవంతెనకు వారి పేరు పెట్టారు.