బుస్సీ దొర చరిత్రము

శ్రీకాకుళ విజయనగర ప్రాంతములలో పుట్టి పెరిగిన వారిలో బొబ్బిలి కథ వినని వారు మిక్కిలి అరుదు. ఆ కథను పాడువారు రంగారావుగారి పౌరుషమును, రాణి మల్లమ్మదేవి ధైర్యమును, తాండ్ర పాపారాయుని పగను వర్ణింతురు. వారి నోట బుస్సీ యను పరాసు దొర పేరు కూడ వినబడును. కాని ఆ బుస్సీ ఎవ్వడు? ఏ దేశమునుండి వచ్చెను? మన సీమపై ఆతనికి అధికార మెట్లు కలిగెను? కడకు ఆతని గతి ఏమయ్యెను? ఈ సంగతులు మన విద్యార్థులలో పెక్కుమందికి తెలియవు. అందుచేత ఆతని చరిత్రమును సంగ్రహముగా ఇచట వ్రాయుచున్నాము.

ఆతని పూర్తి పేరు షార్ల్ జోసెఫ్ పాతిస్సియే ద బుస్సీ. ఫ్రాన్సు దేశమున సువాస్సోను పట్టణ ప్రాంతమున కులీనుల కుటుంబమున జన్మించెను. వంశగౌరవమే కాని విశేషమైన ధనము లేని కుటుంబ మది. అట్టివారి పిల్లలు ఆ కాలమున కత్తినే నమ్ముకొని దేశాంతరము పోవుచుండిరి. బుస్సీయు యౌవనముననే హిందూదేశమునకు వచ్చి ఫ్రెంచి కంపెనీ సేనలో చేరెను. 1742లో డూప్లే పుదుచ్చేరికి గవర్నరయ్యెను. ఆతడు మనుష్యుల యోగ్యతను గుర్తింపగలవాడు. బుస్సీ సాహసమును, మితభాషిత్వమును, స్వదేశీయ ప్రభువులతో మెలగు నేర్పును చూచి, పెద్ద కార్యముల కాతనిని ఏర్పరచుకొనెను.

1748లో దక్కను సుబేదారు నిజాముల్ముల్కు మరణింపగా, ఆయన కుమారులలోను మనుమలలోను వారసత్వపు కలహము పుట్టెను. డూప్లే మనుమడైన ముజఫర్ జంగు పక్షము వహించెను. 1750లో, దుర్భేద్యమని పేరొందిన చెంజి దుర్గమును బుస్సీ స్వల్పసేనతో పట్టుకొనెను. ఆ విజయముతో ఆతని పేరు దక్షిణదేశ మంతటను మ్రోగెను. మరుసటి సంవత్సరము ముజఫర్ జంగు వెంట సుమారు 300 మంది ఐరోపీయులతోను, 2,000 మంది సిపాయిలతోను ఆతడు హైదరాబాదునకు బయలుదేరెను. దారిలోనే ముజఫర్ జంగు హతుడయ్యెను. సేన చెదరిపోవలసిన ఆ క్షణమున బుస్సీ తొట్రుపడక, నిజాముల్ముల్కు కుమారులలో నొకడైన సలాబతు జంగును ప్రభువుగా ప్రకటించెను. ఒక విదేశపు ఉద్యోగి దక్కనుకు ప్రభువును నిలిపినవా డయ్యెను. అది మొదలు 1758 వరకును సలాబతు జంగు సింహాసనమునకు ఫ్రెంచి తుపాకులే ఆధారము.

అయితే సిపాయికి జీతము కావలెను గదా. బుస్సీ వ్యాధిగ్రస్తుడై మచిలీబందరునకు పోయిన కాలమున దర్బారువారు ఫ్రెంచి సేనకు జీతములు నిలిపివేసిరి. ఆతడు తిరిగి వచ్చి, 1753లో ఔరంగాబాదు నగరమున సలాబతు జంగు వలన ఈ చిక్కునకు శాశ్వతమైన నివారణమును సంపాదించెను. సేన జీతముల నిమిత్తము కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు అను నాలుగు సర్కారులు ఫ్రెంచివారి పరమయ్యెను. చికాకోలనగా మన శ్రీకాకుళమే. ఈ విధముగా కృష్ణా ప్రాంతమునుండి గంజాము వరకు గల తీరభూమికి బుస్సీ పెత్తనదారుడయ్యెను.

ఇచట ఆ కాలపు మన దేశస్థితిని కొంచెము చెప్పవలసియున్నది. సర్కారులకు పాలకులు మారుచుండిరేకాని భూమి పాత నాయకుల చేతులలోనే యుండెను. గోలకొండ ఫౌజుదారుల కాలమునుండియు జమీందారులు ఎవరి కోటలో వారు, ఎవరి బలగముతో వారు నివసించుచు, పైప్రభువునకు పేష్కషు చెల్లించి, పిలిచినపుడు సేనతో పోవుచుండిరి. వారి క్రిందివారు తాము చేయు కొలువునకై మొఖాసాలు మొదలగు భూములను అనుభవించుచు, తమ దొరకొఱకు ప్రాణ మిచ్చుటకు బద్ధులై యుండిరి. అందఱికిని అడుగున, పండించువాడు రైతు. పైనున్న వారందఱి వ్యయమును భరించువాడును ఆతడే.

ఇట్టి కట్టుబాటు బుస్సీకి క్రొత్తది కాదు. ఐరోపాలో మధ్యయుగమున ఇదియే సమాజమునకు వెన్నెముక. 1204లో సిలువయుద్ధమునకని బయలుదేరిన ఫ్రాంకులు దారి తప్పి, తోటి క్రైస్తవులైన గ్రీకుల రాజధాని కాన్స్టాంటినోపిలును దోచుకొని, గ్రీకుల దేశమును తమలో పంచుకొనిరి. దక్షిణ గ్రీసులోని మొరియా సీమను విల్లార్డువా వంశపువారు ఏలిరి. అచటి గ్రీకు నాయకులలో లోబడినవారి భూములను, ఆచారములను, మతమును వారికే విడిచి, బదులుగా కొలువు పుచ్చుకొనిరి. కొంతకాలము ఆ యేర్పాటు చక్కగనే సాగెను. కాని 1259లో ఫ్రాంకు ప్రభువు యుద్ధమున ఓడి చెఱపడి, విడుదలకై మిస్త్రా మొదలగు కోటలను గ్రీకు చక్రవర్తికి ఒప్పగించినది మొదలు, ఆ కోటలనుండియే ఫ్రాంకుల యధికారము క్రమముగా కూలెను. మన దేశమున పాశ్చాత్యులకు వాడుకయైన ఫరంగి యను మాట ఆ ఫ్రాంకుల పేరునుండి వచ్చినదే. ఆఱు వందల యేండ్లు గడువకముందే అదే జాతివాడు మన తీరమున అదే ప్రయోగమును తిరిగి చేసెను.

బుస్సీకి మన సీమలో ముఖ్యమైన అండ విజయనగర ప్రభువగు పూసపాటి పెద విజయరామరాజుగారు. చికాకోలు, రాజమహేంద్రవర సర్కారుల నేలుచున్న జాఫరల్లీఖాను ఫ్రెంచివారికి దేశమును విడువనని ఎదురుతిరిగినపుడు, మొదట రాజుగారు ఆతనితో కలిసిరి. పిమ్మట మచిలీబందరులోని ఫ్రెంచి అధికారి ఆ రెండు సర్కారులను తక్కువ మొత్తమునకు గుత్తకిచ్చుటకు ఒప్పుకొనగా, ఫ్రెంచివారి పక్షమునకు వచ్చిరి. జాఫరల్లీ కోపించి మహారాష్ట్రులను పిలిచెను. వారి గుఱ్ఱపు దండు 1754లో ఈ దేశమును దోచుకొనిపోయెను. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విఱిగినట్లు, దొరల బేరములకు వెల చెల్లించినవారు గ్రామములలోని సామాన్యులే.

1756లో బుస్సీకి గొప్ప గండము కలిగెను. దర్బారులోని శత్రువుల మాట విని సలాబతు జంగు ఆతనిని కొలువునుండి తొలగించెను. బుస్సీ హైదరాబాదులోని చార్మహలులో చేరి, చుట్టుముట్టిన సేనల నడుమ ధైర్యముతో నిలిచి, సహాయసేన రాగానే తన పూర్వస్థానమును మరల సంపాదించెను. కాని ఆతడు పడిపోయెనన్న వార్త తీరమునకు ప్రాకగానే, ఆతడే చికాకోలులో నియమించిన ఇబ్రహీంఖాను తిరుగబడెను. సర్కారులను చక్కబెట్టుటకు బుస్సీ ఆ సంవత్సరాంతమున బయలుదేరి రాజమహేంద్రవరము చేరునప్పటికి, విజయరామరాజుగారును మఱికొందఱు నాయకులును సుమారు 10,000 మంది బలముతో ఆతనికొఱకు వేచియుండిరి. ఆపదనుండి అప్పుడే తేలినవానికి అట్టి స్నేహము ఎంత విలువైనదో మనము ఊహింపవచ్చును. ఆ స్నేహమే ఆతని కన్నులకు గంతలు కట్టెను.

విజయనగరమునకును బొబ్బిలికిని చిరకాల వైరము గలదు. రెండు రాజ్యములును సరిహద్దులు కలసినవి. బొబ్బిలివారు తమ నీటిని మళ్లించుకొనుచున్నారని విజయనగరమువారు మొఱపెట్టుకొనుచుండిరి. నీటితగాదా పొలముగట్టున పుట్టినను, కోటగోడ వరకు పోవునని మన పల్లెల యందలి వారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. రంగారావుగారిని బొబ్బిలినుండి కదల్చి వేఱొకచోట భూము లిప్పింపుమని రాజుగారు బుస్సీని కోరిరి. బుస్సీ అట్లే ఆజ్ఞ పంపెను. తాతల నాటి కోటను విడిచిపోవుట వెలమదొరకు ప్రాణముకంటె కష్టమని ఆతనికి తోచలేదు. ఇంతలో అడవిదారిలో పోవుచున్న ఫ్రెంచి సిపాయిలపై దాడి జరిగి కొందఱు చచ్చిరి. ఆ నేరము రంగారావుగారిమీద మోపబడెను. రెండవ పక్షము నోటి మాట బుస్సీ చెవికి చేరకముందే సేనలు కదలెను.

1757 జనవరి 24వ తేదీ వేకువజామున బొబ్బిలి ముట్టడి ఆరంభమయ్యెను. ఫిరంగులు బురుజులను పగులగొట్టినను, లోనివారు గండ్లకడ నిలిచి, పైకెక్కవచ్చిన వారిని మరల మరల త్రోసివేసిరి. మధ్యాహ్నమునకు కోట నిలువదని తెలిసెను. శత్రువులకు చిక్కుటకంటె మరణమే మేలని తలచి, బొబ్బిలివారు తమ యిండ్లకు తామే నిప్పుపెట్టి, స్త్రీలను బిడ్డలను తమ చేతులతోనే చంపుకొనిరి. పిమ్మట రంగారావుగారును వీరులును పోరాడుచు నేలకూలిరి. ఫ్రెంచివారు లోన ప్రవేశించినపుడు వారికి దక్కినది శవములు, బూడిద. రంగారావుగారి చిన్నకుమారుని ఒక వృద్ధుడు తప్పించి, సేనాని లా యొద్దకు తెచ్చెను. బుస్సీ ఆ బాలునకు కాపుదల ఏర్పరచి, తండ్రికి బదులుగా ఇవ్వదలచిన భూములకు ఆతనిని దొరగా ప్రకటించెను. దయగల కార్యమే. కాని ఆ దయ ఒక్కదినము ముందుగా రావలసినది.

మూడవ రాత్రి విజయరామరాజుగారు తమ గుడారములోనే హతులైరి. బొబ్బిలివారిలో మిగిలినవారు అడవిలో దాగి, కాపలావారిని తప్పించుకొని లోన చొరబడిరి. మన జానపదులు ఆ కార్యమును రాణి మల్లమ్మదేవి సోదరుడైన తాండ్ర పాపారాయునిదిగా చెప్పుకొందురు. ఈ ప్రకారము మూడుదినములలో బుస్సీ ఒక శత్రువును, తన ముఖ్యమిత్రుని, ఇరువురిని పోగొట్టుకొనెను.

పైకి ఆతని జయములు ఇంకను సాగెను. గంజాము వరకు పోయి పేష్కషులు వసూలుచేసెను. 1757 జూన్ నెలలో విశాఖపట్టణపు ఇంగ్లీషువారి కోటను పట్టుకొనెను. లొంగినవారిని మర్యాదతో చూచెనని ఆతని శత్రువులే ఒప్పుకొనిరి. కాని విజయనగరమున గద్దెనెక్కిన ఆనందరాజుగారు బుస్సీ తమకిచ్చిన స్థానముతో తృప్తిపడలేదు. 1758లో క్రొత్తగా వచ్చిన లాలీ ఆజ్ఞచేత బుస్సీ దక్షిణమునకు తరలిపోగానే, ఆనందరాజుగారు విశాఖపట్టణమును ఫ్రెంచివారినుండి లాగుకొని ఇంగ్లీషువారిని ఆహ్వానించిరి. క్లైవు కలకత్తానుండి కర్నలు ఫోర్డును పంపెను. ఆ డిసెంబరులో పిఠాపురమునకు సమీపమందలి చందుర్తికడ ఫ్రెంచివా రోడిరి. 1759 ఏప్రిలులో మచిలీబందరు కోట కూడ పడిపోయెను. ఐదేండ్ల యధికారము ఒక్క శీతకాలములో మాసిపోయెను. ఏ గృహముయొక్క సహాయముతో బుస్సీ సర్కారులను నిలుపుకొనెనో, ఆ గృహమే తలుపు మఱియొకరికి తెఱచెను.

బుస్సీ 1760 జనవరిలో వందవాసి యుద్ధమున ఇంగ్లీషువారికి చెఱపడి, తరువాత స్వదేశము చేరెను. 1783లో వృద్ధాప్యమున రోగపీడితుడై మరల సేనాధిపతిగా వచ్చి, కడలూరు రక్షణమున పాల్గొనెను. పూర్వపు చుఱుకుదనము ఆతనియందు లేకుండెను. ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములకు సంధి కుదిరిన వార్తతో ఆ యుద్ధము ముగిసెను. 1785 జనవరిలో పుదుచ్చేరిలో మరణించెను.

ఇట్టి వానిని మన మెట్లు తలపవలెను? ఫ్రెంచి చరిత్రకారులు ఆతనిని తమ గొప్ప సేనానులలో ఒకనిగా నెంచుదురు. బొబ్బిలి కథ పాడువారు ఆతనిని వినాశకారకునిగా తలంతురు. ఈ రెండును సత్యమేయని మా యభిప్రాయము. ఆతడు క్రూరుడు కాడు. ధైర్యము, ఓర్పు, ఓడినవారియెడ కనికరము ఆతనియందు కలవు. ఆతని దోష మొక్కటియే. పరదేశమున కొద్దిమంది సేనతో ఏలవలెనన్న ఎవరో ఒకరి భుజముపై చేయి వేయక తప్పదు. చేయి వేసినవాని పగలు కూడ తనవే యగును. మొరియాలోని ఫ్రాంకులకు గ్రీకు నాయకుల కొలువు దొరకెను, మనసు దొరకలేదు. బుస్సీకిని అంతే. పేష్కషు చెల్లించువాడు నమ్మినవాడని భ్రమించి, ఒక చెవితో విని, రెండవ చెవి మూసికొని తీర్పు చెప్పెను. ఆ తీర్పునకు బొబ్బిలి కోట బలియయ్యెను.

బొబ్బిలిలో ప్రాచీన దుర్గమున్న తావున నేడొక స్మారక స్తంభము కలదు. అచటికి పోవు విద్యార్థులు రంగారావుగారికి నమస్కరించునపుడు, ఈ పరాసు దొరను కూడ ఒకమాఱు తలచుకొందురుగాక. తరగతిలో నాయకులైనను, ఇంటిలో పెద్దలైనను, రేపు ఉద్యోగములలో అధికారులైనను, మీయెదుట ఇరువురు వాదులాడుచు నిలిచినపుడు, మీకు మేలు చేసినవాని మాట మధురముగానే యుండును. అప్పుడే రెండవవానిని పిలిచి, నీ మాట యేమని అడుగవలెను. బుస్సీ అడుగని ప్రశ్న అదియే.