వెలుగును చిత్రించిన రెంబ్రాంట్

హాలెండు దేశమున లైడెన్ పట్టణమునందు 1606లో గాలిమర నడుపు ఒక కుటుంబమున రెంబ్రాంట్ జన్మించెను. యౌవనముననే ఆమ్‌స్టర్‌డామ్ నగరము చేరి చిత్రకారుడుగా ఖ్యాతి గడించెను. 1634లో సాస్కియాను వివాహమాడెను. 1639లో ఒక గొప్ప గృహము కొనెను గాని, దాని వెల పూర్తిగా చెల్లింపలేకపోయెను.

అతని కళకు వెలుగే ప్రాణము. నీడలను ముదురు రంగులతో పలుచగా పూసి, కాంతి పడు చోట సీసపు తెలుపును దట్టముగా పెట్టెడివాడు. అందుచే చీకటి నడుమ మానవుని ముఖము దీపము వలె ప్రకాశించును.

పౌరరక్షక దళమును చూపు 'రాత్రి కాపలా' అను మహాచిత్రమును 1642లో ముగించెను. ఆ సంవత్సరమే సాస్కియా మరణించెను. వారి నలుగురు బిడ్డలలో టైటస్ ఒక్కడే బ్రతికి బట్టకట్టెను. అప్పులు పెరిగి 1656లో రెంబ్రాంట్ దివాలా తీసెను. ఇల్లు, కళాసంపద సర్వమును అమ్ముడుపోయెను. 1668లో టైటస్ కూడ గతించెను.

ఇన్ని కష్టములలోను అతడు కుంచె విడువలేదు. వార్ధక్యమున తన ముఖమునే మరల మరల చిత్రించెను. ముడుతలను దాచలేదు. ఆడంబర వస్త్రముల తళుకు తగ్గి, నుదుటిపై నిలిచిన వెలుగే ఆ చిత్రములకు శోభ యయ్యెను. 1669లో అతడు కన్నుమూసెను.

'రాత్రి కాపలా' యథార్థమునకు పగటి దృశ్యము. పైపూత నల్లబడుటచే జనులు రాత్రి యని భ్రమించిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము దానిని శుభ్రపరచగా లోపలి వెలుగు బయల్పడెను. మలినము కప్పినంత మాత్రమున వెలుగు నశింపదు.