బ్రౌన్ దొర రీస్టోర్ చేసిన తెలుగు

సర్వర్‌లో ఫైల్ సిస్టమ్ కరప్ట్ అయితే బ్యాకప్ కోసం వెతుకుతాం. మరి తాటాకు గ్రంథం కరప్ట్ అయితే? ఈ ప్రశ్నకి నాకు తెలిసిన మంచి జవాబు సి.పి. బ్రౌన్ జీవితం.

ఆయన 1798లో కలకత్తాలో పుట్టారు. కంపెనీ ఉద్యోగిగా 1820లో కడప వచ్చారు. అప్పటికి మన కావ్యాలు ఎక్కువగా తాటాకుల మీదే ఉండేవి. కొన్నిటిని పురుగులు తినేశాయి. పైగా ఒకరు తప్పు రాస్తే, ఆ తప్పు దాన్ని చూసి రాసిన ప్రతిలోకి కూడా వెళ్లిపోయేది. అందుకే ఒక్క కాపీని నమ్మడానికి లేదు.

బ్రౌన్ ఏం చేశారంటే, ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించారు. కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకున్నారు. వాళ్లు ప్రతులన్నీ పోల్చి, తప్పులు దిద్ది, కాగితం మీదికి ఎక్కించారు. 1829లో వేమన పద్యాలు, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. 1884లో ఆయన లండన్‌లో చనిపోయారు.

నాకు ఇందులో ముఖ్యంగా అనిపించేది పండితుల పని. రెండు ప్రతులు తేడాగా ఉంటే ఏది సరైనదో తేల్చింది భాష బాగా తెలిసిన వాళ్లే. ఇప్పుడు స్కాన్ చేసిన కాపీలకి లోటు లేదు. చదివి తేల్చేవాళ్లు లేకపోతే మాత్రం ఎన్ని బ్యాకప్‌లున్నా రీస్టోర్ అవదు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన మనలో ఆ పని ఎవరు నేర్చుకుంటారు?