కోడి మేతకెక్కిన ఎల్లాప్రగడ బృందం ఔషధం

పర్ణశాల: సీతారాముల వనవాస స్థలిగా భక్తులు కొలిచే పర్ణశాల చెంత ప్రవహించే గోదావరి భద్రాచలం దాటి, పాపికొండల నడుమగా సాగి డెల్టాలో ప్రవేశిస్తుంది. ఆ డెల్టాలోని భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుకూ, నేడు సంతల్లో అమ్మే ఫారం కోడికీ ఒక ముడి ఉన్నదని తెలిసినవారు అరుదు.

మెట్రిక్యులేషన్‌లో రెండుమార్లు తప్పిన ఆయన మూడోమారు మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపునందుకుని ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు తక్కువస్థాయి ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే పేగువ్యాధి సోదరులిద్దరిని బలిగొన్నది. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపించిందంటారు.

1920ల తొలినాళ్లలో అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. సైరస్ ఫిస్కేతో కలసి కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలను గుర్తించారు. అంతటి కృషి చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత కొలువు ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం స్ప్రూకు మందైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరుల మరణానికి పాతికేళ్ల తర్వాత దక్కిన విజయమది. బోదకాలు నివారణకు తెలుగు జిల్లాల్లో ఇంటింటికీ పంచుతూ వచ్చిన డీఈసీ మాత్ర కూడా ఆ ప్రయోగశాల బిడ్డే.

ఆయన పర్యవేక్షణలోనే బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇది మొదటిది. 1948లో ఇది వెలుగుచూసిన కొద్దిరోజులకే, ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రానేలేదు.

తరువాతి కథ ఆయన చూడలేదు. ఆ సంస్థలోనే థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్‌లు ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపగా అవి త్వరగా పెరిగాయి. 1950లో ఈ సంగతి ప్రకటితం కాగానే జబ్బు లేని కోళ్లకూ మేతలో మందు కలపడం ప్రపంచమంతటా పరిపాటి అయింది. కొద్ది మోతాదులో నిత్యం మందు తగిలితే బలహీన క్రిములు నశించి, దానిని తట్టుకునేవే మిగిలి వృద్ధి చెందుతాయి. స్టువర్ట్ లెవీ ఒక కోళ్లఫారంలో దీనిని పరీక్షించి 1976లో ఫలితాలను ప్రకటించారు. మందు కలిపిన మేత వేసిన వారంలోనే కోళ్ల పేగుల్లో మొండి క్రిములు నిండాయి. అయిదారు నెలలకు, ఆ మందే ఎరుగని ఫారం కుటుంబీకుల పేగుల్లోనూ అవి కనిపించాయి.

స్వీడన్ 1986లో, ఐరోపా సమాఖ్య 2006లో పెరుగుదల కోసం మేతలో యాంటిబయాటిక్‌లు కలపడాన్ని నిషేధించాయి. చివరి అస్త్రంగా వైద్యులు దాచుకునే కొలిస్టిన్‌ను కోళ్లకు, ఇతర ఆహార జంతువులకు వాడరాదని మన కేంద్ర ప్రభుత్వం 2019లో ఉత్తర్వులిచ్చింది. మాంసం బాగా ఉడికితే క్రిమి చస్తుంది నిజమే. కానీ కోసిన కత్తి, కడిగిన నీరు, ఎరువుగా పొలానికి చేరే రెట్ట ఉడకవు కదా! మామూలు మాత్రకు లొంగని జ్వరం వస్తే ఖరీదైన సూదిమందే శరణ్యం. దానికోసం పర్ణశాల వాసి ముప్పై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి భద్రాచలం చేరవలసిందే.