ఆకాశదీపం - విక్రమ్ సారాభాయ్

కార్తిక మాసం వచ్చిందంటే మన దేవాలయాలలో ధ్వజస్తంభం మీద ఆకాశదీపం వెలుగుతుంది. ముంగిట పెట్టిన దీపం ఆ ముంగిలికే వెలుగునిస్తుంది. ఎత్తున నిలిపిన దీపం ఊరందరికీ కనిపిస్తుంది. భారతదేశంలోని పల్లెల కోసం అటువంటి దీపాన్ని అంతరిక్షంలో నిలపాలని సంకల్పించిన దార్శనికుడు విక్రమ్ అంబాలాల్ సారాభాయ్. ఆ దీపం వెలుగును కళ్లారా చూసే భాగ్యం మాత్రం ఆయనకు దక్కలేదు.

సారాభాయ్ 1919 ఆగస్టు 12న అహ్మదాబాదులో జన్మించాడు. తండ్రి అంబాలాల్, తల్లి సరళాదేవి. బట్టల మిల్లులు గల సంపన్న కుటుంబం వారిది. తల్లిదండ్రులు తమ ఇంటి ఆవరణలోనే ఒక పాఠశాల నడిపి పిల్లలకు స్వేచ్ఛగా ఆలోచించడం నేర్పారు. విక్రమ్ ఉన్నత విద్య కోసం కేంబ్రిడ్జికి వెళ్లి 1940లో ప్రకృతి శాస్త్రాలలో పట్టా పొందాడు. రెండవ ప్రపంచ యుద్ధం కారణంగా స్వదేశానికి మరలివచ్చి, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సర్ సి.వి. రామన్ మార్గదర్శకత్వంలో విశ్వకిరణాలపై పరిశోధన సాగించాడు. 1942లో ప్రసిద్ధ నర్తకి మృణాళినిని వివాహమాడాడు. యుద్ధం ముగిసిన తరువాత మరల కేంబ్రిడ్జికి వెళ్లి 1947లో డాక్టరేటు పొందాడు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆ సంవత్సరమే ఆయన అహ్మదాబాదులో భౌతిక పరిశోధనాలయాన్ని స్థాపించాడు. ఒక కళాశాలలోని కొద్దిపాటి గదులలో ఆరంభమైన ఆ సంస్థయే అనంతర కాలంలో భారత అంతరిక్ష పరిశోధనకు పుట్టినిల్లయింది. ఆపైన వస్త్ర పరిశ్రమ పరిశోధన సంస్థకు, అహ్మదాబాదులోని భారతీయ నిర్వహణ విద్యాసంస్థకు కూడా ఆయన ప్రాణం పోశాడు.

1962లో ఏర్పడిన భారత జాతీయ అంతరిక్ష పరిశోధన సంఘానికి సారాభాయ్ అధ్యక్షుడయ్యాడు. రాకెట్ ప్రయోగాలకు అనువైన స్థలంగా తిరువనంతపురం సమీపంలోని తుంబ అనే మత్స్యకారుల గ్రామం ఎంపికయింది. అయస్కాంత భూమధ్యరేఖ ఆ గ్రామానికి సమీపంగా పోవడమే అందుకు కారణం. అక్కడి చర్చిని, బిషప్ నివాసాన్ని శాస్త్రకార్యానికి అప్పగించి గ్రామస్థులు మరొక చోటికి తరలిపోయారు. చర్చి శాస్త్రజ్ఞులకు కార్యశాల అయింది. రాకెట్ భాగాలు సైకిళ్ల మీద కూడా ప్రయాణం చేశాయి. 1963 నవంబరు 21న అమెరికా నుండి వచ్చిన నైకీ-అపాచీ రాకెట్ తుంబ తీరం నుండి నింగికెగసింది.

తినడానికి తిండి చాలని దేశానికి రాకెట్లెందుకు, ఉపగ్రహాలెందుకు అని నాడు ఎందరో ప్రశ్నించారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. సారాభాయ్ దానిని తోసిపుచ్చలేదు. ధనిక దేశాలతో పోటీపడి చంద్రుని చేరాలన్న కోరిక ఆయనకు లేదు. పేదరికమే అంతరిక్ష విజ్ఞానాన్ని అవసరం చేస్తున్నదని ఆయన భావించాడు. భూమధ్యరేఖకు పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం, భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగే కాలంలోనే ఒక ప్రదక్షిణ పూర్తి చేస్తుంది. అందువలన అది నేల మీది వారికి ఒకేచోట కదలక నిలిచినట్లు కనిపిస్తుంది. నేల నుండి వచ్చే సంకేతాలను అందుకొని, వాటికి బలం చేకూర్చి, విశాల భూభాగానికి తిరిగి పంపుతుంది. భూమిపై ప్రసార స్తంభాలు నాటుకుంటూ పోతే టెలివిజన్ ముందు నగరాలకు చేరుతుంది. కొండలు, అడవుల నడుమ ఉన్న పల్లె వంతు చివర వస్తుంది. ఉపగ్రహానికి నగరమూ పల్లె సమానమే. కనుక టెలివిజన్ పల్లెలతోనే ప్రారంభం కావాలని, వ్యవసాయం, ఆరోగ్యం, విద్య దానికి ప్రధాన విషయాలు కావాలని ఆయన వాదించాడు.

1966లో హోమీ భాభా విమాన ప్రమాదంలో మరణించగా అణుశక్తి సంఘం బాధ్యత కూడా సారాభాయ్ భుజాలపై పడింది. అయినా తన సంకల్పాన్ని ఆయన విడువలేదు. 1967 జనవరి 26న ఢిల్లీ పరిసరాలలోని 80 గ్రామాలకు టెలివిజన్ పెట్టెలు అమర్చి, రైతుల కోసం కృషిదర్శన్ కార్యక్రమం ప్రారంభించారు. 1969 ఆగస్టు 15న భారత అంతరిక్ష పరిశోధన సంస్థ అవతరించింది. మరుసటి నెలలోనే అమెరికా ఉపగ్రహాన్ని ఒక సంవత్సరం పాటు మన పల్లెల కోసం వినియోగించుకొనే ఒప్పందం కుదిరింది. తెలుగునేలపై శ్రీహరికోటలో నిర్మితమైన కేంద్రం నుండి 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ ఎగిరింది. తరువాత మూడు నెలలైనా గడవలేదు. తుంబ పనులు చూడవచ్చిన సారాభాయ్ 1971 డిసెంబరు 30న కోవళంలో నిద్రలోనే కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 52 సంవత్సరాలు.

నాయకుడు పోయినా కార్యం ఆగలేదు. 1972లో సతీశ్ ధావన్ అంతరిక్ష సంస్థ పగ్గాలు చేపట్టాడు. యశ్‌పాల్, చిట్నిస్ వంటి వారు పల్లెల టెలివిజన్ ప్రయోగాన్ని ముందుకు నడిపారు. 1975 ఆగస్టు 1న ఏటీఎస్-6 అనే ఉపగ్రహం ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 పల్లెలకు ప్రసారాలు ఆరంభించింది. నాటి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు ఉండేవి. తెలుగు కార్యక్రమాల నిర్మాణానికి హైదరాబాదులో కేంద్రం వెలసింది. ఇనుప వలతో చేసిన పళ్లెం వంటి ఏంటెనా ఆకాశం వైపు ముఖం చేసి నిలువగా, పల్లెప్రజ ఒకచోట చేరి తమ భాషలో వినిపించే మాటలను ఆలకించింది.

అయితే అది అరువు దీపం. 1976 జులై 31న గడువు తీరగానే ఉపగ్రహ ప్రసారాలు నిలిచిపోయాయి. సొంత ఉపగ్రహం ఉంటే తప్ప ఆ వెలుగు నిలువదని దేశం గ్రహించింది. 1981లో మన శాస్త్రజ్ఞులు నిర్మించిన యాపిల్ ఉపగ్రహం, ఒక సౌరఫలకం విచ్చుకోకున్నా రెండేళ్లకు పైగా పనిచేసింది. 1982 ఏప్రిల్‌లో ఎగిరిన ఇన్సాట్-1ఎ సెప్టెంబరులోనే ఇంధనం నిండుకొని మూగపోయింది. 1983 ఆగస్టు 30న బయలుదేరిన ఇన్సాట్-1బి మాత్రం తనకు నిర్ణయించిన ఏడేళ్ల ఆయుష్షునూ సార్థకం చేసుకుంది. టెలివిజన్, రేడియో, టెలిఫోన్ సేవలతో పాటు వాతావరణ చిత్రాలనూ అందించింది. తుపాను కదలికలను పై నుండి కనిపెట్టి ఉండటం తీరప్రాంతాలకు ఎంతటి మేలో వేరుగా చెప్పనక్కరలేదు.

భూస్థిర ఉపగ్రహం కదలక నిలిచినట్లు కనిపించినా దాని జీవితం నిరంతర శ్రమయే. సూర్యచంద్రుల ఆకర్షణ దానిని తన స్థానం నుండి జరుపుతూనే ఉంటుంది. చిన్న చిన్న యంత్రాలను మండించి దానిని మరల యథాస్థానానికి తేవాలి. విద్యుత్తును సౌరఫలకాలు ఇస్తాయి; ఏటా రెండుమార్లు భూమి నీడ పడే రోజులలో బ్యాటరీలు ఆదుకుంటాయి. స్థానాన్ని నిలుపుకోవడానికి తోడ్పడే ఇంధనం మాత్రం తరిగిపోతూ ఉంటుంది. చివరికి మిగిలిన కొద్దిపాటి ఇంధనంతో ఉపగ్రహాన్ని మరింత ఎత్తుకు తరలించి, తరువాత రాబోయే దానికి చోటు కల్పిస్తారు.

సారాభాయ్ జీవితమూ అటువంటిదే. తనకు లభించిన కొద్ది కాలంలో సంస్థలను నిర్మించి, వాటిని నడపగల యువకులను తీర్చిదిద్ది, తన తరువాతి వారికి చోటు విడిచి వెళ్లాడు. 1972లో భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది. 2023 ఆగస్టు 23న చంద్రునిపై దిగిన చంద్రయాన్-3 ల్యాండర్‌కు ఆయన పేరే పెట్టారు. కానీ మారుమూల పల్లెలో వాతావరణ సూచన విని పడవను ఒడ్డుకు చేర్చుకున్న జాలరి, ఇంటి ముందరి టెలివిజన్ ద్వారా కొత్త పంట గురించి తెలుసుకున్న రైతు ఆయన పేరు ఎరిగి ఉండకపోవచ్చు. దీపం వెలుగులో నడిచేవారికి దానిని ఎత్తిన చేయి కనబడదు. ఆ వెలుగు వారికి చేరడమే సారాభాయ్ కోరుకున్న ఫలం.