స్వావలంబనకు బాట వేసిన కమలా నింబ్కర్

పక్షవాతం సోకిన మనిషి లేచి నాలుగడుగులు వేయగానే ఇంటిల్లిపాదీ ఊరట చెందుతారు. కాని ఆ మనిషి తన చొక్కా గుండీ తాను పెట్టుకోలేక, తన అన్నపు ముద్ద తాను కలుపుకోలేక పరాధీనుడై ఉంటే, ప్రాణం దక్కినా బ్రతుకు దక్కినట్లు కాదు. ఈ లోటును తీర్చే విద్యయే ఆక్యుపేషనల్ థెరపీ. ఆ విద్యకు భారతదేశంలో తొలి పాఠశాలను నెలకొల్పిన మహిళ కమలా నింబ్కర్.

ఆమె జన్మతః భారతీయురాలు కాదు. 1900లో అమెరికాలో జన్మించిన ఆమె అసలు పేరు ఎలిజబెత్ లండీ. విష్ణు నింబ్కర్ అనే మహారాష్ట్రీయుణ్ణి 1930లో వివాహమాడి, కమల అను పేరు స్వీకరించి, బొంబాయినే తన ఊరుగా చేసుకున్నారు. 1940 దశకంలో, నలభై ఏళ్లు దాటిన వయస్సులో, తిరిగి అమెరికా వెళ్లి, ఫిలడెల్ఫియాలో విద్యార్థినిగా చేరి ఈ చికిత్సావిద్యను అభ్యసించారు. అమెరికాలోనూ అది అప్పటికి పాతది కాదు. అక్కడ ఈ వృత్తికి తొలి జాతీయ సంఘం ఏర్పడినది 1917లోనే.

చదువు ముగించి వచ్చిన కమల 1950లో బొంబాయి పరేల్‌లోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో పాఠశాలను ప్రారంభించారు. పరేల్ అంటే నాడు బట్టల మిల్లుల సీమ. తెలుగు నేల నుండి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలెన్నో ఆ మిల్లుల పేటల్లో స్థిరపడినవే. యంత్రాల మధ్య పనిచేసే కార్మికునికి చేయి ఎంతటి ఆస్తియో ఆ పేటలో ఎవరికీ వివరించనక్కరలేదు.

అయినను ఈ విద్య పేరే జనులను పొరపాటు పడజేసేది. ఆక్యుపేషన్ అనగానే జీతం తెచ్చే ఉద్యోగమని తలుస్తారు. ఈ శాస్త్రంలో ఆ మాట అర్థం చాల విశాలమైనది. మనిషి తన దినాన్ని నింపుకొనే ప్రతి పనీ ఆక్యుపేషనే. స్నానం, భోజనం, దుస్తులు ధరించడం వంటి నిత్యకృత్యాలు ఒక భాగం. సేద్యమో నేతయో వంటయో రెండవ భాగం. పండుగ, భజన, వినోదం మూడవ భాగం. పసిబిడ్డకైతే ఆటయే ప్రధానమైన పని.

ఫిజియోథెరపీ ప్రధానంగా కండరాలకు, కీళ్లకు బలాన్నీ కదలికనూ సమకూరుస్తుంది. ఆక్యుపేషనల్ థెరపీ ఆ కదలికతో రోగి ఏ పని చేసుకోగలడని అడుగుతుంది. ఇందుకు మొదటి మెట్టు పనిని విడదీసి చూడడం. ముద్ద నోటికి చేర్చడానికి చేయి చాచాలి, వ్రేళ్లు ముడవాలి, మోచేయి వంగాలి, గురి తప్పకూడదు. వీటిలో ఏది తప్పుతున్నదో గుర్తించి, దానిని సాధన చేయిస్తారు. సాధనతో కుదరనప్పుడు పని చేసే తీరును మారుస్తారు. లేదా లావు పిడి గల చెంచా వంటి పనిముట్టు ఇస్తారు. లేదా గడప వద్ద వాలు, స్నానాల గదిలో పట్టుకొనే కడ్డీ అమర్చి ఇంటినే మనిషికి అనువుగా మారుస్తారు. ఇదే అనుకూలనం.

ఇందులో రోగి చికిత్సను పుచ్చుకొని ఊరుకునేవాడు కాదు, పని చేసేవాడు. తనకు ఏ పని ముఖ్యమో ముందుగా అతనినే అడగాలి. సహాయం నానాటికీ తగ్గుతూ రావాలి. ప్రేమకొద్దీ ప్రతి ముద్దనూ తినిపించే ఇంటివారు, తమకు తెలియకుండానే ఆ చేతికి మిగిలిన శక్తిని మొద్దుబారనిస్తారు. అర్ధగంట పట్టినా తన గుండీ తాను పెట్టుకోనిచ్చే ఓర్పు చికిత్సలో భాగమే.

ఒక్క పాఠశాలతో కమల తృప్తి పడలేదు. 1952లో అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘాన్ని స్థాపించి తొలి అధ్యక్షురాలైనారు. అదే సంవత్సరం ఏర్పడిన ప్రపంచ సమాఖ్యకు పునాది వేసిన 10 దేశాలలో భారతదేశం ఒకటిగా నిలిచింది. స్వాతంత్ర్యం వచ్చి అయిదేళ్లయినా నిండీ నిండని దేశానికి అది చిన్న గౌరవం కాదు. 1958లో నాగపూర్‌లో మరొక పాఠశాల వెలసింది. 1960 దశకంలో ఆసియా దేశాలలోని పునరావాస సేవలకై ఒక పత్రికను కూడ ఆమె నడిపారు.

1979లో కమలా నింబ్కర్ కన్నుమూశారు. సతారా జిల్లా ఫలటణ్‌లో ఆమె పేర ఒక పాఠశాల వెలసింది. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఆక్యుపేషనల్ థెరపీకీ స్థానం లభించింది. ఆమె బొంబాయిలో పాఠశాల తెరచి అప్పటికి 71 ఏళ్లు. అయితే పక్షవాతం, కాలిన గాయాలు, తెగిన వ్రేళ్లు, బిడ్డల ఎదుగుదల లోపాలతో ఆసుపత్రికి వెళ్లే కుటుంబాలలో ఈ సేవ ఒకటున్నదని ఎరుగనివారు నేటికీ ఉన్నారు. నడక వచ్చిన తరువాత చేతి పని సంగతేమిటని వైద్యుణ్ణి అడగడం వారి హక్కు. ఆ ప్రశ్నకు ఈ దేశంలో సమాధానం దొరికే చోటును మొదట ఏర్పరచినవారు కమలా నింబ్కర్.